పడవలు ఒడ్డున ఉన్న రోజులు

ఏటా ఏప్రిల్ పదిహేను మొదలు అరవై ఒక్క రోజులు మా వైపు మరబోట్లు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేటను ఆపుతుంది. తేంగాయితిట్టు హార్బరులో బోట్లన్నీ ఒకదానికొకటి తాళ్లతో కట్టేసి ఉంటాయి, వేలంపాటల గోల ఉండదు, ఐసు బండ్లు రావు. పుదుచ్చేరిలో పుట్టి పెరిగి యాభై నాలుగేళ్లు వచ్చినా, ఆ నిషేధం గురించి నాకు తెలిసిందల్లా ఆ రెండు నెలలూ మంచి వంజరం ముక్క దొరకదని. పోయినేడు మాత్రం మా ఇల్లంతా ఆ అరవై ఒక్క రోజులనే లెక్కపెట్టుకుంటూ బతికింది. వాటిలో నలభయ్యో రోజున నేనొక పని చేశాను. మంచిదనుకునే చేశాను.

మేం ఊళ్లో సారం అనే పేటలో ఉంటాం. నేను మంగళం, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాతో నా తమ్ముడు గణేశన్, వాడి భార్య నిర్మల. మా అమ్మ పోయేనాటికి గణేశుకి ఏడేళ్లు, నాకు పంతొమ్మిది. నువ్వెందుకు పెళ్లి చేసుకోలేదని ఎవరైనా అడిగితే నాలుగైదు కారణాలు చెబుతాను గానీ ఉన్న కారణం అదొక్కటే. అర్ధమొగుడు ఆడబిడ్డ అని పెద్దలు ఊరికే అనలేదు. నిర్మల విషయంలో నేను అర్ధంతో ఆగకుండా ముప్పావు దాకా పోయాను. ఆ పిల్ల పగలంతా బట్టలకొట్లో నిలబడి వచ్చి, రాత్రికి నా సాధింపులు వింటూ అన్నం వడ్డించేది.

గణేశు బాహూరు పోయే ప్రైవేటు బస్సులో కండక్టరు. పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క దారిలోనే తిరిగాడు. ఒక చేతిలో టికెట్ల మిషను, ఇంకో చేతిలో చిల్లర, పళ్ల మధ్య విజిలు. కడ్డీ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఏదీ? బస్సు గుంతలో పడి లేచినా, మలుపులో ఒరిగినా, వాడు మా వంటింటి గుమ్మంలో నిలబడ్డంత తాపీగా నిలబడి ముసలమ్మల చేత జోకులు చెప్పించుకునేవాడు. బడిపిల్లలు వాడిలాగా కడ్డీ వదిలేసి నిలబడాలని పందేలు వేసుకుని ఒకరిమీద ఒకరు పడేవాళ్లు.

అలాంటివాడు అంతకుముందు దీపావళి నాటికి బస్సు మెట్టు తప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వాంతులు, వెనక తలలో నొప్పి. పొద్దున్నే తాగొస్తున్నాడని ఎవరో అన్నారట కూడా. స్కాను తీస్తే చిన్నమెదడు పక్కన గడ్డ. కోసి తీశారు, ఆ తర్వాత ఆరు వారాలు రేడియేషన్ పెట్టారు. ప్రాణం దక్కింది గానీ కాళ్లకింద నిలకడ పోయింది. కళ్లు మూసుకుంటే చాలు, ఎడమకి ఒరిగిపోయేవాడు. స్నానాల గదిలో రెండుసార్లు పడ్డాడు. లుంగీ కట్టుకోవడానికి కూడా గోడకి వీపు ఆనించాల్సి వచ్చేది.

ఆపరేషను గది బయట కూర్చుని నేను తిరుపతి కొండకి మొక్కుకున్నాను, వాడు బతికి బయటపడితే నా తలనీలాలు ఇస్తానని. మార్చిలో పోయి ఇచ్చి వచ్చాను. మోకాళ్ల దాకా కాకపోయినా నడుము దాటే జుట్టు నాది, అందులో గర్వం కూడా ఉండేది. ఇంట్లో రెండు గుండ్లు తయారయ్యాయి. వాడు నన్ను చూసి, ఇక మన ఇంట్లో నిర్మల ఒక్కదానికే దువ్వెన అని నవ్వాడు. నవ్వాడే గానీ వాడి కళ్లు నా తలమీద నుంచి కదల్లేదు.

అప్పటినుంచి వాడు ఎటు కదిలినా నేను మోచెయ్యి పట్టుకుని వెంట నడిచేదాన్ని. కుట్టుమిషను మీద ఉన్నా సరే, మంచం కిర్రుమంటే లేచిపోయేదాన్ని.

బస్సు యజమాని పురుషోత్తమన్ మామ బాహూరులో మావాళ్లే, వరుసకి మా అమ్మకి తమ్ముడు. ఏప్రిల్ మొదట్లో చూడ్డానికి వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇబ్బంది పడుతూ అసలు మాట చెప్పాడు. గణేశు జాగాలో ఇప్పుడున్నది తాత్కాలికంగా పెట్టుకున్న మనిషి. జూన్ సగం దాకా ఎవరినీ ఖాయం చేయడు. ఆ తర్వాత వచ్చే సోమవారం గణేశు ఒక్క ట్రిప్పు చేసి చూపించాలి.

“కమ్మి పట్టుకోకుండా చెయ్యాలరా. ఎక్కినోళ్ల ప్రాణాలకి నేను జవాబు చెప్పాల గదా,” అన్నాడు. అది దయగల మాటే. గణేశు తలూపాడు, ఆ రాత్రి నుంచే గోడ వదిలి నడవడం మొదలుపెట్టాడు, పడ్డాడు.

ఫిజియో క్లినిక్కులో జయప్రకాశ్ అని ఒక అబ్బాయి గణేశుకి వ్యాయామాలు చేయించేవాడు. తేంగాయితిట్టు సంగతి తెచ్చింది అతనే. హార్బరుకి అవతల, మడచెట్ల పక్కన ఉప్పుటేరు నీళ్లలో రాజాత్తి అనే ఆవిడ వెడల్పాటి బోర్డుమీద నిలబడి తెడ్డు వేయడం నేర్పిస్తుంది. ఆదివారాలు అతనూ పోతాడు. నేల కదలదు కాబట్టి నేలమీద నేర్చిన నిలకడ నేలమీదికే సరిపోతుందని, మీ ఆయనకి కావలసింది కదిలేదాని మీద నిలబడడమని అతను నిర్మలకి చెప్పాడట. బోట్లు ఆగిపోయే ఈ రెండు నెలలూ నీళ్లు కదలవు, నేర్చుకోవడానికి ఇదే అదను అన్నాడట. ఆపరేషనైన తొలి ఏడాదిలో మెదడు త్వరగా నేర్చుకుంటుందని కూడా అన్నాడు. పెద్ద డాక్టరుని అడిగితే గాయం మానింది, లైఫ్ జాకెట్టు వేసుకుని పక్కన మనిషి ఉంటే పొమ్మన్నాడు.

నేను ఒప్పుకోలేదు. స్నానాల గదిలో చెంబెడు నీళ్లకి పడేవాణ్ణి ఏట్లోకి తోసేదెవరని అరిచాను. విహారానికొచ్చినవాళ్లు ఫొటోల కోసం ఎక్కే చెక్కమీద, తల కోయించుకున్నవాడికి ఏం పని అన్నాను. నిర్మల ఎప్పుడూ నాకు ఎదురు చెప్పని మనిషి, ఆ రోజు మాత్రం కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

“వదినా, ఆయనకి బస్సు కావాల. మనం పట్టుకోని నిలబెడితే బస్సులో ఎవరు పట్టుకుంటారు?”

నేను ఎప్పటిలాగే మూతి ముడుచుకుని మిషను దగ్గరికి పోయాను. అలా ఏప్రిల్ పదిహేనున మొదలైంది. ఐదున్నరకి ఇద్దరూ ఆటోలో పోయేవాళ్లు, ఎనిమిదికల్లా తిరిగొచ్చేవాళ్లు, తర్వాత నిర్మల కొట్టుకి పోయేది. వారం దాకా రాజాత్తి బోర్డుమీద మోకాళ్లమీదే కూర్చోబెట్టిందట. తర్వాత ఒక మోకాలు లేపడం. లేవబోతే బోర్డు ఎడమకి జారిపోయేదట. ఇవన్నీ నిర్మల టిఫిను పెడుతూ నాకు వినపడేలా వాడితో చెప్పేది, నేను వినబడనట్టు ఉండేదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఒకరోజు గట్టిగానే అన్నాను. అయితే ఆ కందకు దురద ఉందని, వాడే అందరికన్నా ముందు లేచి గుమ్మంలో చెప్పులేసుకుని కూర్చుంటున్నాడని నాకు తెలుసు.

మే నడిమికి నేను చూడకూడదనుకున్నా కొన్ని కనపడ్డాయి. గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నాడు, ద్వారబంధం పట్టుకోలేదు. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను, నిలబడే ప్యాంటు వేసుకుంటున్నాడు. ఒక కాలు ఎత్తి, దూర్చి, రెండో కాలు ఎత్తి. మంచం ఆనుకోలేదు. నేను లోపలికి పోయి దేవుడి పటం ముందు నిలబడి ఏడ్చాను. మొక్కు ఫలించిందనుకున్నాను. ఆ ఘనత రాజాత్తికి గానీ నిర్మలకి గానీ ఇవ్వాలని నాకు తోచలేదు. నా జుట్టు పోయింది కాబట్టి ఫలితం కూడా నాదే అనుకున్నాను.

నలభయ్యో రోజున నిర్మలకి జ్వరం. ఒక్కడినే షేరు ఆటోలో పోతానని గణేశు అన్నాడు, వద్దన్నా వినకుండా పోయాడు. పావుగంట మిషను ముందు కూర్చున్నాను. దారం ఎక్కించలేకపోయాను. చీర మార్చకుండానే ఆటో ఎక్కి వెనకాలే పోయాను.

హార్బరు దాటి గట్టు దిగేసరికి ఏరు కనపడింది. కట్టేసిన బోట్ల పక్క నీళ్లు అద్దం వేసినట్టు కదలకుండా ఉన్నాయి. వాటి నడుమ పసుపుపచ్చ లైఫ్ జాకెట్టులో మా గణేశు బోర్డుమీద నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ ఖాళీ. తెడ్డు కూడా లేదు. ఆ దృశ్యం ఒక్క క్షణం కన్నా నిలవలేదు, ఎందుకంటే మరుక్షణమే వాడు వెనక్కి, వెల్లకిలా, ఆ కుట్లున్న తలతో సహా నీళ్లలో పడ్డాడు. పక్కన నడుము లోతులో నైటీమీద చొక్కా తొడుక్కుని ఒకావిడ నిలబడి ఉంది. చెయ్యి అందించలేదు సరిగదా, నవ్వుతోంది. వాడు దగ్గుతూ లేచి బోర్డెక్కాడు, నిలబడ్డాడు, మళ్లీ పడ్డాడు. ఈసారి పక్కకి. ఆవిడ చప్పట్లు కొట్టింది. మూడోసారి ముందుకి పడ్డాడు, చాలాసేపు తల పైకి రాలేదు. అంత సేపేమీ కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఆపరేషను గది తలుపు కనపడింది.

చీరతో సహా మోకాలి లోతు దాకా దిగి వాడి జాకెట్టు పట్టుకుని లాగాను. ఆవిడని ఏమేం తిట్టానో చెప్పను, తమిళంలో నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయాక తెలుగులో తిట్టాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఏదో చెప్పబోయింది. గణేశు కూడా ఆటోలో “అక్కా, అది కాదు…” అని రెండుసార్లు మొదలుపెట్టాడు. నువ్వు మాట్లాడొద్దు అన్నాను. వాడు చిన్నప్పటినుంచీ నేను ఆ మాటంటే ఆగిపోతాడు.

ఇంటికొచ్చి వాణ్ణి నడింట్లో నిలబెట్టాను. ఒంటినుంచి నీళ్లు కారుతున్నాయి.

“చెయ్యి ఇటియ్యి,” అన్నాను.

వాడి కుడిచెయ్యి పట్టుకుని నా తలమీద పెట్టుకున్నాను. అప్పటికి నాకు జుట్టు అరంగుళం వచ్చింది, ముళ్లు ముళ్లుగా ఉంది. తలమీద చెయ్యి పెట్టి చేసిన ఒట్టు తప్పితే ఆ తల ఉండదని మా ఇళ్లలో నమ్మకం. నేను నమ్ముతానా అంటే గట్టిగా చెప్పలేను. వాడు నమ్ముతాడని తెలుసు, నాకు అది చాలు.

“ఇంక నీళ్లల్లో కాలు పెట్టనని చెప్పు.”

జ్వరంతో పడుకున్న నిర్మల గోడ పట్టుకుని వచ్చింది. “వదినా, ఒట్లు వద్దు. ఇంకా ఇరవై ఒక్క రోజే ఉండాది,” అంది.

“చెప్పరా.”

వాడు నా మొహం చూడలేదు, తల చూశాడు. “పెట్టనక్కా,” అన్నాడు. “నీళ్లల్లో కాలు పెట్టను.”

వాడి చేతి నీళ్లు నా నుదుటిమీదుగా కారి నోటికి ఉప్పగా తగిలాయి. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత నాకు హాయిగా కునుకు పట్టింది.

మర్నాటినుంచి కూడా ఇద్దరూ ఐదున్నరకి బయలుదేరుతూనే ఉన్నారు. యాడికిరా అని అడిగితే, నడకకి అన్నాడు. బీచిరోడ్డుకి పోతున్నారనుకున్నాను. వాడి చెప్పులూ బట్టలూ తడిలేకుండా ఉన్నాయో లేదో మొదటి నాలుగు రోజులు తడిమి చూశాను కూడా. పొడిగా ఉన్నాయి. మాట తప్పడు నా తమ్ముడు అనుకుని మురిసిపోయాను.

వారం తర్వాత నిర్మల కొట్టునుంచి వచ్చి చేతిసంచి కూడా దించకుండా నా పక్కన కూర్చుంది. ఒట్టు తీసెయ్యి వదినా అంది. తీసి గట్టున పెట్టడానికి ఇదేమన్నా పిల్లలాటా అన్నాను. క్లినిక్కులో కడ్డీల మధ్య నడుస్తున్నాడు గదా, అది చాలదా అన్నాను. బతకడం ముఖ్యమా, బస్సు ముఖ్యమా అన్నాను. “ఆయనకి రెండూ ఒకటే వదినా,” అని లేచిపోయింది. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అప్పటికి పద్నాలుగేళ్లుగా ఆమెకి తెలుసు.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి బోట్లు కదిలాయి. సోమవారం గణేశు ఖాకీ చొక్కా వేసుకున్నాడు. తల మీద మచ్చ కనపడకుండా టోపీ పెట్టుకున్నాడు. నేనూ వస్తానన్నాను. సరేనన్నాడు, ఒట్టు వేసినప్పటినుంచి దేనికీ కాదనేవాడు కాదు.

బస్టాండులో పురుషోత్తమన్ మామ డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాడు, నేను ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చున్నాను. గణేశు విజిలు రెండుసార్లు ఊదాడు. అరియాంకుప్పం దాకా బాగానే ఉంది. సీటు అంచుకి తొడ ఆనించి టికెట్లిచ్చాడు. పాత మనుషులు వాణ్ణి పలకరించారు, ఇన్నాళ్లూ యాడికి పోయినావయ్యా అన్నారు. చున్నంబారు వంతెనమీద గాలి కొట్టింది, అక్కడ ఒక్కసారి ఏమీ ఆనుకోకుండా నిలబడి నా వైపు చూశాడు. నేను చేతులు జోడించబోయి సిగ్గుపడి దించేసుకున్నాను. కానీ వాడి మోకాళ్లు చూశాను. కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. పాత గణేశు మోకాళ్లు అలా ఉండేవి కావు, బస్సుతోపాటు వంగి లేచేవి.

పెద్దరోడ్డు వదిలి బాహూరు వైపు తిరిగే చోట బస్సు ఒరిగింది. చిల్లర ఇస్తున్న చెయ్యి కడ్డీ కోసం వెతికింది, దొరకలేదు. ఎడమకి, పూలబుట్ట పెట్టుకున్న ఒక అమ్మ ఒళ్లో పడ్డాడు. టోపీ ఊడిపోయింది. నాణేలు బస్సంతా దొర్లాయి.

ఆ మచ్చ చూశాక ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒకతను టోపీ తీసి ఇచ్చాడు, ఇద్దరు బడిపిల్లలు నాణేలు ఏరారు, పూలమ్మ వాడి వీపు నిమిరింది. పురుషోత్తమన్ మామ లేచొచ్చి మిషను తన చేతిలోకి తీసుకుని, కూర్చోరా అన్నాడు. గణేశు వెనక మెట్ల దగ్గర కండక్టరు సీటులో కూర్చున్నాడు. బస్సు ఆగిపోయి ఉందని గుర్తొచ్చినట్టుంది, జేబులోంచి విజిలు తీసి రెండుసార్లు ఊదాడు. బస్సు కదిలింది.

మామ మంచివాడు కాబట్టి బస్టాండులో టైంకీపరు కుర్చీ ఇచ్చాడు. బస్సు వచ్చిన వేళ, పోయిన వేళ రాయడం. నీడన కూర్చునే ఉద్యోగం అక్కా, అదృష్టం ఉండాల అన్నాడు గణేశు. నేను ఇరుగుపొరుగుకి అదే మాట చెప్పాను.

ఆ రోజు గణేశు ఒంటిమీదే వచ్చేసిన రాజాత్తి పసుపు లైఫ్ జాకెట్టు అప్పటికింకా మా పెరట్లో తీగమీదే ఉంది. జూలైలో ఒకరోజు అది ఇచ్చొద్దామని నేనే తేంగాయితిట్టు పోయాను. క్షమించమని అడగడానికి కాదు, ఎవరి వస్తువు వాళ్లకి చేర్చాలని. రాజాత్తి గట్టుమీద వల సర్దుతోంది. నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని పక్కన గోనె పరిచింది. ఏరంతా బోట్ల రాకపోకలతో అలలు కొడుతోంది. మీ తమ్ముణ్ణి బస్సులో తీసుకున్నారా అని అడిగింది. లేదన్నాను. పడ్డాడని చెప్పాను.

ఆవిడ తమిళంలో చెప్పింది, నేను మా మాటలో రాస్తున్నాను.

“ఆ రోజు మీరు వచ్చేముందర పది నిముషాలు నిలబడినాడమ్మా, తెడ్డు లేకుండా. నేను ఫోనులో టైము చూసినా. అందుకే ఇంక పడేది నేర్పిస్తానంటి. నేనే పడమన్నా. వెనక్కి ఒకసారి, పక్కకి ఒకసారి, ముందుకి ఒకసారి. పడేది తెలిసినోడికి భయం పోతుంది. భయం పోతేనే మోకాళ్లు మెత్తబడతాయి. భయం ఉంటే మోకాళ్లు బిగుసుకుంటాయి, బిగిస్తే ఎవురూ నిలబడలేరు.”

నేను బస్సులో చూసిన మోకాళ్లు నాకు మళ్లీ కనపడ్డాయి.

ఆవిడ ఆగలేదు. ఆగితే బాగుండుననుకున్నాను.

“మళ్లా దినాము వస్తానే ఉండె. ఆయనా, ఆయన పెండ్లామూ. బోట్లు పోయే దినం దాకా. ఇదో, ఇక్కడే కూర్చుంటారు. వేరేవాళ్లకి నేను నేర్పిస్తా ఉంటే చూస్తాడు, మోకాళ్లు ఇట్టా ఇట్టా అని కూర్చునే వంచుకుంటాడు. దిగమంటే దిగడు. అక్క తలమీద ఒట్టు ఉండాదన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. కాలి బొటనవేలు కూడా తడపలేదమ్మా.”

ఇరవై ఒక్క పొద్దులు. నేను ఇంట్లో పొడిబట్టలు తడిమి మురిసిపోయిన పొద్దులవి. పసుపు జాకెట్టు ఒళ్లో పెట్టుకుని నేను ఏడ్చాను. రాజాత్తి వల సర్దడం ఆపలేదు, అలా ఆపకపోవడమే మంచిదైంది. ఆవిడ ఓదార్చి ఉంటే నేను మళ్లీ నా మొక్కు సంగతి, నా జుట్టు సంగతి చెప్పుకునేదాన్ని.

ఇంటికొచ్చి ఒట్టు తీసేశానని వెంటనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఏరు అలలుగా ఉంది, వానలొస్తాయి, మళ్లీ బోట్లు ఆగినప్పుడు చెబుదాం అనుకున్నాను. అబద్ధం. చెబితే నాది తప్పని ఒప్పుకున్నట్టవుతుందని చెప్పలేదు. ఆ తొమ్మిది నెలల్లో పురుషోత్తమన్ మామ బస్సులో వేరే కండక్టరుని ఖాయం చేశాడు. గణేశు కుర్చీకి అలవాటు పడ్డాడు. నిలబడి ప్యాంటు వేసుకోవడం మానేశాడు, మంచంమీద కూర్చుని వేసుకుంటాడు. ఎప్పుడు మానేశాడో నేను గమనించనేలేదు.

మొన్న మళ్లీ ఏప్రిల్ పదిహేను వచ్చింది. ఐదుగంటలకే లేచి వాణ్ణి లేపాను, పద అన్నాను. ఎక్కడికని అడగలేదు. నిర్మల గుమ్మం దాకా వచ్చి, నా మొహం చూసి, తను రాకుండా ఆగిపోయింది.

తేంగాయితిట్టు గట్టుమీద బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. నీళ్లు పోయినేడులాగే కదలకుండా ఉన్నాయి. రాజాత్తి దూరాన ఎవరికో బోర్డు పట్టిస్తోంది, మమ్మల్ని చూసి చెయ్యెత్తింది. నేను గణేశు కుడిచెయ్యి తీసుకుని నా తలమీద పెట్టుకున్నాను.

“ఒట్టు తీసేశారా. తప్పు నాది. ఇదో, ఈ గట్టునే పెట్టేశా. నీ తప్పూ లేదు, నాకేమీ కాదు. దిగు,” అన్నాను. దారంతా ఇంకా చాలా మాటలు అనుకుంటూ వచ్చాను, ఇవే వచ్చాయి.

నా జుట్టు ఇప్పుడు మెడదాకా ఉంది. వాడు దాన్ని ఒకసారి నిమిరాడు.

“బాగా వచ్చిందక్కా జుట్టు,” అన్నాడు.

“దిగరా. రాజాత్తి పిలుస్తా ఉండాది.”

వాడు కోపం లేకుండానే చెప్పాడు. “బస్సు లేదు గదక్కా. ఇప్పుడు నేర్చుకోని యాడ నిలబడాల నేను?”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నన్ను బాధపెట్టానని వాడికే అనిపించినట్టుంది, చెప్పులు విడిచి, కూర్చుని ప్యాంటు మడిచి, చీలమండల దాకా నీళ్లలోకి దిగాడు. ఒక నిముషం నిలబడ్డాడు. రాజాత్తి బోర్డుని వాడి వైపు మెల్లగా తోసింది, అది తేలుతూ వచ్చి వాడి కాలికి తగిలి ఆగింది. వాడు దాన్ని అరచేత్తో ఆవిడ వైపుకే తిరిగి తోశాడు. చల్లగా ఉన్నాయక్కా నీళ్లు అన్నాడు. తొమ్మిదింటికి కుర్చీలో ఉండాలన్నాడు.

గట్టు ఎక్కేచోట మట్టి జారుతోంది. వాడు ఆగి, ఎడమచెయ్యి చాచి నా భుజం పట్టుకున్నాడు. వాడి బరువంతా నామీద వేసి ఒక్కో అడుగూ ఎక్కాడు. పోయినేడు నేను వెంటపడి పట్టుకుంటే విడిపించుకునేవాడు. ఇప్పుడు వాడంతట వాడే పట్టుకుంటున్నాడు, నేను లేకుండా గట్టు ఎక్కడు. అప్పుడు నేను కోరుకున్నది ఇదే.